పదమూడో గేటు దగ్గర నీళ్ళు కాచినవాళ్ళు

వాంగ్మూలం 1. దుమ్ము లేదు.

వంటమనిషికి మోకాళ్ళు వర్తించవని కాగితం వచ్చింది. నాకు చదువు రాదు. నీటి వరసలో నా ముందు నిలబడిన దర్జీ చదివి వినిపించాడు. రెండుసార్లు చదివించుకున్నాను.

"వంటమనిషి ఎవురు?" అని అడిగాను.

"నువ్వే అని రాసినారవ్వా."

"నేను చేసిన కూడు కుక్కకు పెడితే మా వీధి కుక్క ఊరు విడిచి పాయ. సరింగా సూడు."

"సరింగానే ఉండాది. బండి సుంకులమ్మ, వంటమనిషి, పదమూడో గేటు. మోకాళ్ళు ల్యా. పొగ కండ్లకు చుక్కల మందు మాత్రం ఏడాదికి రెండు సీసాలు ఇస్తారంట."

వెనక నిలబడినవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నా వంతు బిందె పట్టుకుని ఎనభై నాలుగు మెట్లు ఎక్కి ఇంటికి వచ్చేసరికి మాత్రం నవ్వు లేదు. మెట్టు మెట్టుకూ ఎడమ మోకాలు నన్ను తిట్టింది, నేను దళాన్ని తిట్టాను.

అందుకే ఈ కేసు. నా వయసు డెబ్బై ఒకటి. సమాఖ్య జలరక్షక దళంలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. నదిలోంచి మా ఎండు జిల్లాలకు నీళ్ళు తెచ్చే పెద్ద గొట్టం ఉందే, దాని పదమూడో గేటు నాది. గేటుకు ఇటు ఆరు మైళ్ళు, అటు ఆరు మైళ్ళు, కర్ర పట్టుకుని నడవడమే నా పని. దళం వాళ్ళు పైకి వదిలిన తూనీగ యంత్రాలు దుమ్ముకు కళ్ళు పోయి పిట్టల్లా రాలిపోతే, కాళ్ళున్న మనుషులు కావలసివచ్చారు. నేను గొర్రెలు కాచిన ఇంటి దాన్ని. నేల తడి చూసి అక్కడ గొర్రె నిలబడిందా మనిషి నిలబడ్డాడా చెప్పగలను. నీళ్ళదొంగలను నలభై ఒక్కమందిని పట్టించాను. ఒకసారి పెళ్ళివారి ట్యాంకరు పైపును గొట్టానికి తగిలించి తోడుకుంటుంటే, వాళ్ళు ఆరుగురు, నేను ఒక్కదాన్ని, పోయి పైపు మీద కూర్చున్నాను. నేను లేస్తే గదా వాళ్ళు పోయేది. దళం బండి వచ్చేదాకా లేవలేదు. పెళ్ళికొడుకు వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. అప్పటికి అవి మంచి కాళ్ళు.

డెబ్బై నిండిన కావలివాళ్ళకు దళం కొత్త మోకాళ్ళు వేయించాలి. అది చట్టం. నాకు ఆ మోకాళ్ళు కావాలి. అంతే.

మా మాటలు విని రాసుకునే యంత్రం ఒకటుంది, చెవి అంటాం. దాని మీద ఫిర్యాదు దానికే చెప్పకూడదట, అందుకని నాకొక రాతమనిషిని ఇచ్చారు. పేరు వరదయ్య. నా మాటను పుస్తకం మాటగా మార్చి రాస్తానన్నాడు. సరే అన్నాను. తిట్లు మాత్రం నావి నాకే ఉంచమన్నాను.

వాంగ్మూలం 2. సగం దుమ్ము.

ఎర్రదిన్నె కచేరీకి పోయాను. విచారణాధికారి ఇందుమతి అని, డెల్టా వైపు మనిషి. ముప్పై అయిదు ఏళ్ళు ఉంటాయి. కుర్చీ వేయించింది, మజ్జిగ ఇప్పించింది. తిట్టడానికి పోయినదానికి మజ్జిగ ఇస్తే సగం తిట్లు కడుపులోకే పోతాయి.

చెవి సంగతి చెప్పాలి. ప్రతి గేటు గోడకూ నల్లటి బిళ్ళ ఒకటి ఉండేది. మేము దాన్ని చెవి అనేవాళ్ళం. సాయంత్రం పూట దాని ముందు నిలబడి ఆ రోజు ఏం పని చేశామో చెప్పాలి. చదువు రానివాళ్ళకు అదే హాజరు. అయితే మాకు తెలియనిది ఒకటుంది. ఎవరు కావలి, ఎవరు వంట అన్నది మనిషి నిర్ణయించకూడదని, అట్లా అయితే లంచాలు నడుస్తాయని, మొదటి ఏడాది మేము చెప్పిన మాటలు విని చెవే నిర్ణయించేదట. జీతం ఇద్దరికీ ఒకటే కాబట్టి మాకు తెలియలేదు. పని దిగి ఇంటికి పోయాక వచ్చేవాటిలోనే తేడా.

ఇందుమతి తన బల్ల మీది అద్దంలో పడే అక్షరాలు చూసి చదివింది. "పెద్దమ్మగారూ, మొదటి ఏడాదిలో మూడు వందల నలభై రోజులు మీరు ఒకటే మాట చెప్పారండి. 'పొద్దన్నుంచి మాపటిదాంకా నీళ్ళు కాచినా' అని."

"కాచినా గదా మరి."

"చెవి దాన్ని 'నీరు మరిగించెను' అని రాసుకుందండి."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థం అయ్యాక మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"గొర్రెల్ని కాస్తారు, చేను కాస్తారు, నీళ్ళు కాస్తారు," అన్నాను. "ఇంగేమనాల?"

"మా వైపు 'కాపలా కాశాను' అంటామండి. ఉత్త 'కాచాను' అంటే పొయ్యి మీద పెట్టినట్టే. చెవిని తయారుచేసినవాళ్ళు ఏ వైపువాళ్ళో మరి." ఆమె ఇంకొంచెం కిందికి చూసింది. "ఇక్కడ ఒక రోజు మీరు 'పదకొండు గొర్రెల్ని కాచినా' అన్నారు. చెవి 'పదకొండు గొర్రెలను ఉడికించెను' అని రాసింది. నేను నిన్న రాత్రంతా ఆలోచించాను, గేటు దగ్గర అంత పెద్ద విందు ఎవరికి చేశారా అని."

"దారి తప్పి గొట్టం గట్టు మీదికొచ్చినాయి. వాటి మనిషి వచ్చేదాంకా సూసుకున్నా."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వితే నవ్వుకోనీ. నా మోకాలు వచ్చేట్టుంది గదా అనుకున్నాను.

అప్పుడు ఆమె నవ్వు ఆపి అడిగింది. "మీరు వంటమనిషి అయితే, మరి కావలిమనిషిగా ఎవరు నమోదయ్యారో తెలుసాండీ?"

"ఎవురు?"

"షేక్ ఖైరున్‌బీ."

వాంగ్మూలం 3. దుమ్ము లేదు.

ఖైరున్‌బీ మా గేటు వంటమనిషి. నాకంటే ఒక్క నెల చిన్నది. ఇద్దరం ఒకే వారం పనిలో చేరాం, ఒకే రోజు దిగాం. ఇప్పుడు నేను ఉండే గుట్టకే కింది వరసలో ఉంటుంది. పోయిన చలికాలం ఆమెకు కొత్త మోకాళ్ళు వేశారు. అప్పుడు నేను ఆసుపత్రిలో పక్కన కూర్చుని, వంటమనిషికే ఇచ్చారు, నాకు ఇంకా మంచివి ఇస్తారు అనుకున్నాను. నా అంత తెలివైనది లేదు.

పోయి సంగతి చెప్పాను. ఆమె చేటలో కందిపప్పు ఏరుతోంది. చేట పక్కన పెట్టి పడీపడీ నవ్వింది.

"నేను కావలినా? బల్లి అరిస్తే ఉలిక్కిపడేదాన్ని. ఆ చెవికి నేనేం చెప్పింటినక్కా?"

"చదివి వినిపించినారు. 'పాలు పొంగకుండా కాపలా కూచున్నా' అన్న్యావంట. 'పిల్లి రాకుండా కాపలా కూచున్నా' అన్న్యావంట. యాడాది పొడుగునా కాపలా కాపలా. చెవికి ఆ మాట ఒక్కటే తెలుసు."

"పిల్లిని పట్టినా అని గూడా చెప్పింటా."

"చెప్పినావు. 'ఒక దొంగను పట్టెను' అని రాసినారు."

అంత నవ్వు మేము గేటు దిగాక నవ్వలేదు. ఆమె నాకు రొట్టె పెట్టింది. తిన్నాను. ఖైరు చేతి రొట్టె తిన్నాక ఎవరి మీదా కోపం నిలవదు. మెట్లు ఎక్కుతుంటే ఆమె వెనకనుంచి నా నడుం పట్టుకుని పైదాకా వచ్చింది. కొత్త మోకాళ్ళు చప్పుడే చేయవు.

వాంగ్మూలం 4. ముప్పాతిక దుమ్ము.

ఖైరుకు నోటీసు వచ్చింది. గేటుకు ఒక కావలి, ఒక వంట, అంతే మంజూరు. నా కేసు నెగ్గి నేను కావలి అయితే ఆమె వంట అవుతుంది. వంట అయితే ఆమె తీసుకున్నవి తీసుకోకూడనివి అవుతాయి. మోకాళ్ళ ఖర్చు మొత్తం ఆమె పింఛనులోంచి కోసుకుంటారు. ఎన్నాళ్ళు అంటే, ఆమె బతికినన్నాళ్ళు.

దర్జీ చేత చదివించుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, దుమ్ములోనే నా ఇంటికి ఎక్కి వచ్చింది. నవ్వు లేదు.

"నేను దొంగసొమ్ము తిన్న్యానని రాసినారక్కా. నలభై రెండో దొంగను నేనే అయితి నీకు."

"నేనట్ల అన్న్యానా?"

"అన్లేదు. కేసు ఏసినావు."

"నా మోకాళ్ళ కోసం ఏసినా గానీ నీ మీద ఏస్తినా?"

"నీ మోకాళ్ళొస్తే నా కూడు పాయ. ఏం తిని బతకాల నేను? ఈ మోకాళ్ళు ఇప్పి ఇమ్మంటావా? ఇప్పేదానికొస్తే ఇప్పుడే ఇస్తా, కత్తిపీట తే."

నేను నోరు మూసుకుని ఉండవలసింది. "ఇరవై తొమ్మిదేండ్లు ఎండలో నడిచింది నేను. నువ్వు నీడన కూచున్న్యావు," అన్నాను.

ఆమె గుడ్డ ముఖానికి కట్టుకుని దిగిపోయింది.

వరదయ్యా, ఆ మాట కూడా రాయి. అన్నది అన్నట్టు ఉండాలి.

వాంగ్మూలం 5. నిండా దుమ్ము, మూడో రోజు.

తలుపులకు తడిగుడ్డలు కట్టుకుని మూడు రోజులు లోపలే ఉన్నాను. కేసు వెనక్కి తీసుకుందామా అని ఆలోచించాను. తీసుకుంటే ఖైరుకు కూడు ఉంటుంది, నాకు మోకాలు ఉండదు. ఎనభై నాలుగు మెట్లు ఇంకో ఏడాది ఎక్కగలనేమో. తర్వాత నీటి వరసకు పోలేను. వరసలో నిలబడనివారికి నీళ్ళు లేవు, అది అందరికీ ఒకటే. అట్లా అని తప్పు రాతను నా పేరు మీద ఉంచుకుని చావనా? రెండు వైపులా మండింది.

మూడో రోజు పప్పు పొయ్యి మీద పెట్టాను. పొద్దున పెట్టింది మధ్యాహ్నమైనా గింజ గింజలాగే ఉంది. నా వంట సంగతి తెలిసిందే కాబట్టి నన్ను నేనే తిట్టుకుంటున్నాను. తలుపు తట్టారు. ఖైరు. చేతిలో సట్టి, మూత తీసి నా ముందు పెట్టింది.

"తిను సూద్దాం."

నోట్లో వేసుకున్నాను. ఖైరు చేతి పప్పులో రాళ్ళు నమిలినట్టుంది. ఆమె వంట చెడడం నేను పుట్టాక చూడలేదు. లేదు, చూశాను. గేటు దగ్గర చూశాను. అది గుర్తుకు రాగానే నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పప్పు ఉడకల్యా," అంది ఖైరు, అప్పటి గొంతుతోనే.

ఈ మాట తెలియనివాళ్ళకు చెప్పాలి. నది నీళ్ళలో పప్పు వెన్నలా ఉడుకుతుంది. బోరు నీళ్ళలో ఎంత మంట పెట్టినా ఉడకదు. దొంగలు గొట్టానికి బొక్క పెట్టి నది నీళ్ళు తోడుకుంటే లోపల నీళ్ళు తగ్గి గేటు దగ్గరి కొలత ముల్లు పడిపోతుంది, కచేరీలో గంట మోగుతుంది. అందుకని తెలివైన దొంగలు తోడుకున్నంత బోరు నీళ్ళు తిరిగి పోస్తారు. ముల్లు కదలదు. ఆ సంగతి పట్టేది ఖైరు సట్టి ఒక్కటే. ఆమె గేటు కిటికీలోంచి "అక్కా, పప్పు ఉడకల్యా" అని కేక వేస్తే నేను కర్ర తీసుకుని పైకి నడిచేదాన్ని. నేను పట్టిన నలభై ఒక్కమందిలో ముప్పైమందికి పైగా ఆ కేకతోనే దొరికారు. ఎండలో నడిచింది నేనే. ఎటు నడవాలో చెప్పింది ఎవరు?

"ఖైరూ, నీడన కూచున్న్యావని అంటి గదా."

"అంటివి."

"నా నోట్లో మన్నుపడ."

"పడింది గదా, మూడు దినాలుగా దుమ్మే," అంది ఖైరు. "లే. ఊరి నీళ్ళల్లో బోరు కలిసింది. ఎవురో బొక్క పెట్టినారు. చెప్పొద్దాం."

వాంగ్మూలం 6. దుమ్ము లేదు.

ఇద్దరం కచేరీకి పోయాం. ఇందుమతి అద్దంలో చూసింది. "పదమూడు గేట్ల ముళ్ళూ సరిగ్గా ఉన్నాయండి. చుక్క కూడా పోలేదు."

"ముల్లుకు నాలిక ల్యా తల్లీ," అంది ఖైరు.

"పప్పు ముదురుదేమోనండి. మా వైపు పప్పు ఎప్పుడూ ఉడుకుతుంది."

"మీ వైపు నది ఉండాది. ఉడకదా మరి." ఖైరు కొంగు ముడి విప్పి రెండు దోసిళ్ళ కందిపప్పు బల్ల మీద పోసింది. "పొయ్యి యాడుండాది?"

కచేరీ టీ గదిలో రెండు సట్లు పెట్టించాను. ఒకదానిలో పరీక్షల కోసం నది దగ్గర నింపి సీలు వేసి తెచ్చిన సీసా నీళ్ళు పోశాం. ఒకదానిలో కచేరీ కుళాయి నీళ్ళు. రెంటిలోనూ ఒకే పప్పు, ఒకే మంట. ఇందుమతి తన చేత్తోనే పోసింది. తర్వాత చేసేదేమీ లేదు, కూర్చోవడమే. గుమాస్తాలు ఒక్కొక్కరే వచ్చి గడపలో నిలబడ్డారు. ఒకాయన, "ఉప్పు ఎప్పుడేస్తావు జేజీ?" అని అడిగాడు. "విచారణలో ఉప్పు ఎయ్యరు నాయనా," అంది ఖైరు.

గంటకు సీసా నీళ్ళ సట్టి తీసి గరిటెతో ఒక్కసారి తిప్పింది. పప్పు మెత్తగా కలిసిపోయింది. కుళాయి నీళ్ళ సట్టిలో గరిటె పెడితే గులకరాళ్ళ చప్పుడు.

ఇందుమతి రెండింటినీ చాలాసేపు చూసింది. రెండు వేళ్ళతో ఒక గింజ తీసి నొక్కింది. నలగలేదు. బయటికి పోయి దళం బండిని పంపింది. ఎక్కడ వెతకాలని వాళ్ళు నన్ను అడిగారు. గొట్టానికి దగ్గరలో బోరూ ఉండి, రోజూ నది నీళ్ళతో అవసరమూ ఉన్న చోటు చూడమన్నాను. బోరు నీళ్ళతో చేసిన మంచుగడ్డ తెల్లగా, మబ్బుగా ఉంటుంది, ఎవరూ కొనరు. చీకటి పడకముందే తొమ్మిదో గేటు కింద, ఒక మంచుగడ్డల కొట్టు వెనక బొక్క దొరికింది. దుమ్ము లేచిన రోజు నుంచే నడుస్తోందట.

బండి తిరిగి వచ్చాక ఇందుమతిని అడిగాను. "ఇప్పుడు చెప్పు మేడమ్. ఈ దొంగను పట్టింది నేనా, ఖైరా, మీ ముల్లా?"

"ఖైరున్‌బీగారి సట్టి అండి."

"అయితే చెవి రాసుకున్న్యది తప్పు గాదు. సగం రాసుకుంది. ఆమె నీళ్ళు కాచింది పొయ్యి మీద. నేను నీళ్ళు కాచింది గట్టు మీద. రెండూ ఒకటే కావలి. మా గేటుకు ఇద్దరు కావలివాళ్ళని రాయి. ఆమె కూడు తీసి నాకు మోకాలిస్తానంటే నాకొద్దు. ఇద్దరికీ ఇస్తే ఇయ్యి, ల్యాకుంటే చుక్కల మందు సీసాలు ఇంగో రెండు పంపు, నీ పేరు చెప్పుకుని ఏసుకుంటా."

ఆమె మేము చెప్పినదంతా పై కచేరీకి పంపింది. మెత్తగా ఉడికిన సట్టిలో ఉప్పు వేసి గుమాస్తాలు గిన్నె కూడా మిగల్చలేదు.

వాంగ్మూలం 7. దుమ్ము లేదు, గాలి చల్లగా ఉంది.

పై కచేరీ ఒప్పుకుంది. ఇందుమతి కాగితం చదివింది. "పదమూడో గేటు. కావలి: ఇద్దరు. వంటమనిషి: లేరు." నోటీసు రద్దు. నాకు ఎడమ మోకాలు పదకొండో తేదీన, కుడి మోకాలు తర్వాతి నెలలో. ఇద్దరం వేలిముద్రలు వేస్తే ముగిసిపోతుంది.

సిరాబిళ్ళ తెచ్చారు. ఖైరు బొటనవేలు అద్దబోయి ఆగింది.

"వంటమనిషి ల్యా అంటే?"

"అంటే ఆ పోస్టు లేదని అండి. మీరిద్దరూ కావలివాళ్ళే గదా."

"మీ పెద్దోళ్ళు తనిఖీకని ఇరవై తొమ్మిదేండ్లు వచ్చి మా గేటు కాడ తిని పోయినారే, అది ఎవురు వండినారు? గాలి వండిందా?"

"అమ్మా, అది అందరికీ తెలుసు. కాగితంలో వంట అని పడితే చెవి మళ్ళీ మిమ్మల్ని వంటమనిషి కింద వేసేస్తుంది. నా మాట వినండి."

"నేను వండినా. వండలేదని వేలు పెట్టమంటే పెట్టను."

ఇందుమతి నా వైపు చూసింది. ఆ వేలు పడకపోతే నా మోకాలు లేదు. నేను ఒక్క మాట అంటే ఖైరు వేస్తుంది, అది నాకు తెలుసు. ఎడమ మోకాలు ఆ మాట అనమనే చెప్పింది. కానీ నేను వంటమనిషిని కాను అని చెప్పడానికి ఎంత దూరం వచ్చానో, ఆమె వంటమనిషినే అని చెప్పుకోవడానికి అంతే దూరం రావచ్చు గదా.

"ఆమె చెప్పినట్ల రాయి తల్లీ," అన్నాను. "రాసినాకే నేనూ వేలు పెడతా. అంతవరకూ పదకొండో తేదీని ఎవురికన్నా ఇచ్చుకోండి."

ఇందుమతి తల పట్టుకుంది. లోపలికి పోయి ఎవరితోనో మాట్లాడింది. బయటికి వచ్చింది, మళ్ళీ పోయింది. మూడోసారి వచ్చినప్పుడు కొత్త కాగితం తెచ్చింది. కావలి ఇద్దరే, మార్పు లేదు. కింద ఒక వరస మాత్రం అదనంగా పెట్టారట, చెవి కంటపడకుండా, మనుషులు మాత్రమే చదివే చోట. పైకి చదివింది.

"పదమూడో గేటులో ఇరవై తొమ్మిదేళ్ళు షేక్ ఖైరున్‌బీ వండెను. బండి సుంకులమ్మ తినెను."

ఖైరు రెండోసారి చదివించుకుంది. "ఇప్పుడు సరింగా ఉండాది," అని వేలు వేసింది.

నేను మూడుసార్లు చదివించుకున్నాను. తప్పు పడదామని ఎంత వెతికినా, అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. వేలు వేశాను.